ట్యాంకులో నీళ్లు బాగున్నాయంటారు, కుళాయిలో మురుగు వాసన: ఎవరిని, ఏమని అడగాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు ఒక పల్లె. తుఫాను వానలు పడ్డప్పటి నుంచి కుళాయి నీళ్లు మురుగు వాసన వస్తున్నాయి. మొదటి రెండు బిందెలు మట్టిరంగులో ఉంటాయి, తర్వాత కాస్త తేరుకుంటాయి. మా వీధిలో చాలామందికి వాంతులు, విరేచనాలు. మా పాపకు సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. సచివాలయంలో అడిగితే ట్యాంకు నీళ్లు టెస్ట్ చేయించాం, బాగున్నాయి, కాచుకుని తాగండి అన్నారు. ట్యాంకర్ కొద్ది రోజులు వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు ఎప్పుడో మూసేసిన పాత బోరు మళ్లీ ఆన్ చేసి ఆ నీళ్లు ఇస్తున్నారు, అది ఫ్లోరైడ్ బోరు అని పెద్దవాళ్లు అంటున్నారు. కలెక్టరుకు అర్జీ పెడదామంటే మా అత్తమ్మ వద్దంటోంది. వాటర్‌మ్యాన్‌గా చేసే అబ్బాయి నాకు మరిది వరస, అర్జీ పెడితే ముందు అతని పనే పోతుందని ఆమె భయం. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. విరేచనాలు మళ్లీ మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. పెద్ద ప్యాకెట్టు అయితే లీటరు. గ్లాసులో కాస్త పొడి వేసి తాగించడం మన ఇళ్లలో అందరూ చేసే పనే కానీ ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి, అట్లా చేయొద్దు. కలిపింది ఒక రోజుకు మించి ఉంచొద్దు. జింక్ మాత్రలు ఇచ్చి ఉంటే విరేచనాలు తగ్గిపోయినా 14 రోజులూ వేయండి. పాప మత్తుగా పడి ఉన్నా, మూత్రం రావడం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక నీళ్లు. నేను గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది ఆ మొదటి రెండు బిందెలు. ట్యాంకే చెడిపోయి ఉంటే చివరి బిందె దాకా నీళ్లు అట్లాగే రావాలి. మొదట మురికిగా వచ్చి తర్వాత తేరుకుంటున్నాయంటే సరఫరా లేని గంటల్లో పైపులోకి బయటి నీళ్లు చేరుతున్నాయని అనుమానించాలి. మన పల్లెల్లో నీళ్లు వదిలేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, మిగతా పొద్దంతా పైపు ఖాళీగా ఉంటుంది. నీళ్లు వదిలినప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగులు ఉన్నచోట నీళ్లు బయటికి కారతాయి, వాల్వు కట్టేయగానే ఆ ఒత్తిడి పోయి అదే పగుల్లోంచి సైడు కాలువ నీళ్లు లోపలికి దిగుతాయి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడు కాలువలు నిండి పైపులు మురుగులోనే మునిగి ఉంటాయి. సిమెంటు రోడ్డు వేసేటప్పుడు జేసీబీ పళ్లు తగిలి పగిలిన పైపుకు సైకిల్ ట్యూబు చుట్టి మట్టి కప్పేసిన చోట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి, మీ ఊళ్లో ఉండవని నేను అనుకోను.

కాబట్టి సచివాలయంలో మీకు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ట్యాంకులో తీసిన శాంపిల్ నిజంగానే బాగుండొచ్చు, కానీ మీరు తాగేది ట్యాంకు దగ్గర నిలబడి కాదు కదా. అధికారులకు ట్యాంకు రిపోర్టు బాగా పనికొస్తుంది, కాగితం మీద అంతా బాగుంటుంది, ఫైలు మూసేయొచ్చు. మీరు "నీళ్లు బాగున్నాయా" అని అడిగినంత కాలం వాళ్లు ఆ కాగితమే చూపిస్తారు. "ఎక్కడ చెడిపోతున్నాయి" అని అడగండి, ఆ కాగితం చాలదు.

ఆ ప్రశ్న అడగాలంటే శాంపిల్ ఎక్కడ తీయాలో మీరే చెప్పాలి. ఒకటి ట్యాంకు దగ్గర, ఒకటి వీధి మొదట్లో, ఒకటి లైను చిట్టచివరి ఇంట్లో, అదీ పొద్దున్నే నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో. మామూలుగా క్రిములు చూసే పరీక్షకు కుళాయిని శుభ్రం చేసి, రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి, ల్యాబువాళ్లు ఇచ్చిన స్టెరిలైజ్ చేసిన సీసాలో పట్టాలి, పద్ధతి అదే. మీ విషయంలో మొదటి నీళ్లే అనుమానం కాబట్టి ఆ శాంపిల్ కూడా విడిగా తీసి, "సరఫరా మొదలైన వెంటనే తీసినది" అని సీసా మీద రాయమని అడగండి. సీసాను ఐస్ పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకుని సంచిలో వేసుకుని బస్సులో తీసుకెళితే ఆ రిపోర్టును ఎవరైనా కొట్టిపారేస్తారు, కొట్టిపారేయడం న్యాయమే కూడా.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, దానికి ల్యాబు అక్కర్లేదు. క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా ఉంటుంది, నీళ్లలో రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, ఆ రంగును బట్టి క్లోరిన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకు దగ్గర పసుపు వచ్చి మీ ఇంట్లో రంగే రాలేదనుకోండి, దారిలో ఏదో మురుగు క్లోరిన్‌ను మింగేస్తోందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని ఉంది, ఫీల్డ్ టెస్ట్ కిట్ కూడా ఊళ్లో ఉండాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. చాలాచోట్ల పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి, కిట్ సీలు కూడా తీయకుండా బీరువాలో ఉంటుంది. ఆ కిట్‌తో ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా సుమారుగా చూడొచ్చు. క్రిములకు విడిగా హెచ్‌2ఎస్ సీసా అని వస్తుంది, గీత దాకా నీళ్లు పోసి పెడితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లు తాగకూడదు. మీ కళ్ల ముందు, నలుగురి ముందు నల్లబడిన సీసాకు ఉన్న బలం ఏ అర్జీకీ ఉండదు, ఫోటో తీసి పెట్టుకోండి.

వీధిలో కుళాయికి నేరుగా మోటారు బిగించుకున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో కూడా ఒకసారి చూడండి. ఈ మాట చెబితే అందరికీ కోపం వస్తుంది, అయినా చెప్పాలి. మోటారు లైనులోని నీళ్లను పీలుస్తుంది, పక్కింటి దగ్గర ఒత్తిడి పడిపోతుంది, పగులు ఉంటే మురుగును కూడా అదే పీలుస్తుంది. ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు వాళ్లు ముందు చూపించేది ఈ మోటార్లనే. వీధివాళ్లు మాట్లాడుకుని అర్జీ పెట్టే ముందే తీసేస్తే వాళ్ల నోట ఆ మాట ఉండదు.

ఎవరిని అడగాలి? పల్లెలో తాగునీటి సరఫరా, ట్యాంకు కడగడం, క్లోరిన్ కలపడం పంచాయతీ పని, 1994 పంచాయతీరాజ్ చట్టం ఆ బాధ్యత దాని మీదే పెట్టింది. లైను రిపేరుకు సాంకేతిక సలహా, నీటి పరీక్ష, పెద్ద పథకాలు గ్రామీణ నీటి సరఫరా శాఖవి, మీకు దగ్గరగా ఉండేది మండలం ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. పంచాయతీ వాళ్లు ఏఈ మీద, ఏఈ పంచాయతీ మీద తోసుకునే ఆట ఇక్కడే మొదలవుతుంది. అందుకే ఒకే అర్జీ ఇద్దరికీ పేరు పేరునా రాసి, నకలు ఎంపీడీవోకు, ఇంకో నకలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఇవ్వండి. ప్రతి నకలు మీదా అందినట్టు సంతకం, తేదీ, ముద్ర. అది లేకుండా ఇస్తే ఇవ్వనట్టే.

డాక్టరుకు నకలు ఎందుకంటే, ఒకే వీధిలో ఇంతమందికి విరేచనాలు అయితే అది వాళ్ల లెక్కలో అంటువ్యాధి సమాచారం, ఏఎన్ఎం పైకి పంపాలి, వ్యాధుల నిఘా కార్యక్రమం కింద ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. అది ఒకసారి ఎక్కిందంటే జిల్లా ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి నీటి శాంపిళ్లు తీయక తప్పదు, అవసరమైతే రోగుల మలం శాంపిళ్లు కూడా కలరా పరీక్షకు పంపుతారు. నీళ్ల శాఖ మూసేసిన తలుపు చాలాసార్లు ఆరోగ్య శాఖ వైపు నుంచి తెరుచుకుంటుంది. కాబట్టి ఎవరెవరికి జబ్బు చేసింది, ఏ తేదీన, ఏ ఇంటి వరుసలో, ఇది ఒక తెల్లకాగితం మీద ఆశా కార్యకర్తతో కూర్చుని రాయండి. ప్రైవేటు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వచ్చినవాళ్ల పేర్లు సర్కారు లెక్కలోకి రావు, వాళ్లనూ రాయండి. జబ్బు చేసిన ఇళ్లన్నీ ఒక వాల్వు కిందే ఉన్నాయని తేలితే పగులు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

అర్జీ పెద్దగా అక్కర్లేదు. నాలుగు సంగతులు అడగండి: మూడు చోట్ల శాంపిళ్లు తీసి రిపోర్టు నకలు మాకు ఇవ్వాలి, కాలువ పక్కన పోయే లైను తవ్వి చూసి పగుళ్లు సరిచేయాలి, కుదరకపోతే పైపును కాలువలోంచి పక్కకు మార్చాలి, అది అయ్యేదాకా ట్యాంకర్ ఏ వేళకు, ఎన్ని నీళ్లు ఇస్తుందో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి, పాత బోరు నీటి ఫ్లోరైడ్ రిపోర్టు చూపించాలి. తిట్లు, రాజకీయాలు వద్దు. డబ్బు లేదంటారు, తప్పకుండా అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టడి పెట్టింది, ఆ ఖాతా నుంచి ఏం ఖర్చు పెట్టారో అడగండి. డబ్బు లేదని స్థానిక సంస్థ తన కనీస బాధ్యత నుంచి తప్పించుకోలేదని 1980లోనే రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఏఈ దగ్గర చెబితే నవ్వుతాడేమో, కానీ కలెక్టరుకు వెళ్లే కాగితంలో ఒక లైనుగా ఉండనివ్వండి.

వాళ్లు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి, మన ఊళ్లలో ఇప్పటికీ గ్రీవెన్స్ అంటేనే తెలుస్తుంది. అంత దూరం పోలేకపోతే 1100కు ఫోన్ చేసి నమోదు చేయించుకోండి. అర్జీ నంబరు జాగ్రత్త. "సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చి, కుళాయిలో మాత్రం అదే వాసన వస్తుంటే వెంటనే మళ్లీ తెరిపించండి, మౌనంగా ఉంటే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. పక్కన సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు: గత ఏడాదిలో మీ ఊరి నీటి పరీక్షల రిపోర్టులు, బ్లీచింగ్ పౌడర్ కొన్న బిల్లులు, ట్యాంకు కడిగిన తేదీలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి పెడితే ఫీజు లేదు. మామూలుగా 30 రోజుల గడువు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. ఆ 48 గంటల మాట దరఖాస్తులో రాయండి, ఒప్పుకోకుండా వాదించొచ్చు, అయినా రాయండి.

ఇక మీ అత్తమ్మ భయం. ఆమె భయపడటంలో తప్పేమీ లేదు. నీళ్లు చెడిపోయి పేపర్లో పడితే ముందు వేటు పడేది వాటర్‌మ్యాన్ మీదే, తర్వాత కార్యదర్శి మీద, పైవాళ్లు విచారణ చేసేవాళ్లుగా మారిపోతారు. నెలకు నాలుగు డబ్బులు, అవీ సరిగా రాని మనిషి, అతను చేయని తప్పుకు బలి కాకూడదు. అందుకే అర్జీలో ఎవరు సరిగా చేయలేదన్న మాటే రానివ్వొద్దు. ఏం ఇచ్చారు, ఏం ఇవ్వలేదు అని అడగండి. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు కావాలి, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు, నీళ్లు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ. అదీ కలిపాక కనీసం గంట ఆగి వదలాలి. కానీ మూట విప్పి నెలల తరబడి తేమలో పడేస్తే ఆ పౌడర్‌లో సున్నం తప్ప ఏమీ మిగలదు, అది ఎన్ని గ్రాములు వేసినా దండగే. ఆ అబ్బాయికి పౌడర్ ఎప్పుడు ఇచ్చారు, తూకం వేసేందుకు ఏమైనా ఇచ్చారా, క్లోరోస్కోప్ ఇచ్చారా, నేర్పించారా? ఈ ప్రశ్నలు అర్జీలో ఉంటే అవి అతన్ని కాపాడతాయి, ఇరికించవు.

ప్రభుత్వం ఎట్లా స్పందిస్తుందో మనం చూడనిది కాదు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీళ్లలో మురుగు కలిసి డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో మళ్లీ అదే జబ్బు, మళ్లీ మరణాలు; పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖలు చూసే ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వెళ్లి పరామర్శించారు, విచారణకు ఆదేశాలు వెళ్లాయి. ఇట్లాంటప్పుడు వైద్య శిబిరం, ట్యాంకర్లు, వీధంతా తెల్లగా బ్లీచింగ్, ఇవన్నీ వేగంగా జరుగుతాయి, జరగాలి కూడా, వాటిని నేను తక్కువ చేయడం లేదు. వీధిలో చల్లిన బ్లీచింగ్ మాత్రం పైపులోకి పోదు. మీ ఊళ్లో ఇంకా ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి ఆ హడావుడి కూడా లేదు, ట్యాంకర్ మెల్లగా ఆగిపోయింది. ఇప్పుడు మీరు కాగితం మీద అడిగే పైపు మరమ్మతు, అంతా చల్లబడ్డాక అడిగితే అసలు జరగదు.

పాత బోరు గురించి నాకు ఎక్కువ బెంగ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది ఎక్కడో కాదు, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోవే, ఆ మెట్ట అంతా మీ ఉదయగిరి వైపుకు ఆనుకునే ఉంటుంది, కింద రాయి కూడా అట్లాంటిదే. పెద్దవాళ్లు ఆ బోరు వద్దంటున్నారంటే వాళ్ల మాట కొట్టిపారేయకండి. "కాచుకుని తాగండి" అన్న సలహా ఇక్కడ తిరగబడుతుంది: కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ దాని మోతాదు ఇంకొంచెం పెరుగుతుంది. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కొద్ది రోజులు తాగినంత మాత్రాన ఎముకలు వంగిపోవు, టెన్షన్ పడొద్దు. కానీ మన దగ్గర "తాత్కాలికం" అని మొదలైనవి ఏళ్లకేళ్లు నడుస్తాయి, పళ్లు ఇంకా తయారవుతున్న వయసు పిల్లలకు ఆ ఏళ్లే చాలు. రిపోర్టు చూపించేదాకా ఆ నీళ్లు స్నానానికి, గిన్నెలకు, బట్టలకు వాడుకోండి. తాగడానికి, అన్నం పప్పు వండడానికి వద్దు, ఉడికించిన నీళ్లు కూడా కడుపులోకే పోతాయి.

అప్పటిదాకా ఏం తాగాలి అంటారు. ట్యాంకర్ నీళ్లు వస్తే పట్టుకుని, బట్టతో వడగట్టి, తెర్ల కాగినాక ఒక నిమిషం ఉంచి, మూత పెట్టి చల్లార్చండి. గ్యాస్ ఖర్చు అనుకుంటే ఏఎన్ఎం దగ్గర క్లోరిన్ మాత్రలు అడగండి, కలిపి అరగంట ఆగండి. ప్లాంటు క్యాను కొంటే ఆర్‌ఓ మిషను సరిగా ఉన్నంతవరకు ఫ్లోరైడ్ తగ్గుతుంది, అందుకు మంచిదే. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు, క్యాను లోపల పాచి పట్టి ఉంటే, చెంబు ముంచి తీసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. క్యాను లోపల చెయ్యి పెట్టి చూడండి, జారుతుంటే వెనక్కి ఇచ్చేయండి.

అర్జీ రాసే ముందు మీ మరిదిని ఇంటికి పిలిచి మాట్లాడండి, అత్తమ్మను కూడా కూర్చోబెట్టండి. లైను ఎక్కడ కాలువలో పోతోంది, ఏ వాల్వు దగ్గర కారుతోంది, రోడ్డు వేసినప్పుడు ఎక్కడ పగిలింది, ఎక్కడ అతుకు వేశారు, ఇవన్నీ అతనికి తెలిసినట్టు ఏఈకి కూడా తెలియవు. లీకు సంగతి ఇంతకుముందే పైకి చెప్పి ఉంటే ఎప్పుడు, ఎవరికి చెప్పాడో అడగండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఉంటే దాన్ని చెరిపేయొద్దని చెప్పండి. ఆ చోట్లు ఒక్కొక్కటి ఎవరి ఇంటి ముందో, ఏ స్తంభం పక్కనో గుర్తు పెట్టి అర్జీలో రాయండి. తవ్వడానికి వచ్చిన రోజు అతను పక్కనే ఉండేట్టు చూడండి.